ఒక్కపొద్దు, రోజా, ఒరుచ్

రంజాన్ నెల, మాలూరులో ఒక ఇటుక బట్టీ. పెద్దాయన తడి మట్టిని ముద్ద చేసి అచ్చులోకి కొడుతున్నాడు, పైన మిగిలింది అరచేత్తో కోసేసి, నేల మీద బోర్లిస్తున్నాడు. టీ గ్లాసు అందించబోయాను. "వద్దప్పా, ఒక్కపొద్దుండా" అన్నాడు. పక్కనున్న కొడుకు "రోజా సార్" అని సర్దాడు.

మాట ఎక్కడ పుట్టిందో వెతకడం నాకు ఏళ్లనాటి అలవాటు. ఆ రాత్రి నిఘంటువులు ముందేసుకు కూర్చున్నాను.

పొద్దంటే పగలు. పారశీకంలో రోజ్ అన్నా పగలే. రోజా దాన్నుంచే పుట్టింది, మనం దినమూ వాడే 'రోజు' కూడా అదే. తండ్రి మాటా కొడుకు మాటా రెండూ పగటిని పట్టుకునే ఉపవాసానికి పేరు పెట్టాయి!

అరబ్బీలో ఉపవాసం పేరు సౌమ్. 10వ శతాబ్దంలో మధ్య ఆసియా తుర్కులు ఇస్లాంలోకి వచ్చేటప్పుడు ఆ పేరు తీసుకోలేదు. బుఖారా, సమర్‌ఖండ్ వైపు ఇరుగుపొరుగువాళ్లు మాట్లాడేది ఇరానీ భాషలు. వాళ్ల నోటి మాటే వీళ్లకు మతపు మాటయింది. అయితే తుర్కుల సొంత మాటలేవీ 'ర'తో మొదలుకావు. అందుకని ముందు ఒక అచ్చు చేర్చుకున్నారు: టర్కీలో ఒరుచ్, కజక్‌లో ఒరజా, కిర్గిజ్‌లో ఒరొజొ, తాతారులో ఉరజా. హోసూరు అవతల పాత తమిళ పుస్తకం తెరవండి, రాముడు 'ఇరామన్' అయి కనిపిస్తాడు. నాలుకకు కావలసిన సాయం అక్కడా ఇక్కడా ఒకటే. ఇండోనేసియా ముస్లింలైతే 'పువాసా' అంటారు. అది సంస్కృతపు ఉపవాసమే.

1347లో మొదలైన బహమనీల నుంచి దక్కన్ సుల్తానుల కొలువుల్లో నడిచింది పారశీకం. మసీదులో రోజా, మన నోట రోజు ఆ భాష ఇచ్చినవే. రోజు పరాయి మాటని ఎవరూ అనరు, అనకూడదు కూడా.

నాకు బెంగంతా ఒక్కపొద్దు గురించే. మన ఇళ్లలో శనివారాలకు చెప్పుకున్న మాటను ఆ పెద్దాయన తన రంజానుకూ చెప్పుకున్నాడు. అందులో సర్దాల్సిన తప్పేమీ లేదు. మీ వీధిలో పెద్దవాళ్లు ఇంకా ఆ మాట అంటున్నారా? అడిగి నాకు రాయండి.