ఉప్పుగాలిలో ధూళి తూకం

పుదుచ్చేరిలో ఎలక్ట్రిక్ బండ్లు పెరిగితే గాలి ఎంత బాగుపడుతుంది? ఉజ్జాయింపుగా ఎవరైనా చెప్పేస్తారు. లెక్కతో చెప్పాలంటే మాత్రం ముందు గాలిలో ఉప్పు కలిపే సముద్రం సంగతి తేల్చుకోవాలి. ఊళ్లోని జవహర్ నగర్‌లో కాలుష్య నియంత్రణ కమిటీ వారి గాలి నాణ్యత కేంద్రం ఉంది. ఇలాంటి కేంద్రాల్లో సన్న ధూళిని తూచడానికి ఎక్కువగా వాడేది బీటా మానిటర్.

దీని పంపు గంటకు ఒక ఘనపు మీటరు చొప్పున గాలిని లాగుతుంది. దారిలో సైక్లోన్ అనే చిన్న లోహపు గది ఉంటుంది. గాలి అందులో గిర్రున తిరిగేసరికి బరువైన రేణువులు గోడకు కొట్టుకుని అడుగున పడిపోతాయి, 2.5 మైక్రాన్ల లోపువి గాలితో ముందుకు సాగుతాయి. జల్లెడ లేదు, కదిలే భాగమూ లేదు. ఏ సైజు దగ్గర వేరుపడాలో గాలి వేగమే నిర్ణయిస్తుంది కాబట్టి, పంపు కాస్త మందగించినా పెద్ద రేణువులు లోపలికి చొరబడతాయి. అందుకే ఆ వేగాన్ని యంత్రం ఎప్పటికప్పుడు సరిచూసుకుంటుంది.

తర్వాత గ్లాస్ ఫైబర్ టేపు. ధూళి పడకముందే యంత్రం, కార్బన్-14 నుంచి వెలువడే బీటా కణాలు ఖాళీ టేపును దాటి ఎన్ని వచ్చాయో లెక్కిస్తుంది. ధూళి పట్టాక అదే చోటును మళ్లీ అక్కడికే తెచ్చి మరోసారి లెక్కిస్తుంది. తగ్గిన కణాలను బట్టి ధూళి బరువు తెలుస్తుంది. టేపు మందంలో తేడాలున్నా, ఒకే చోట రెండుసార్లు కొలవడంతో అవి రద్దయిపోతాయి. దేశ ప్రమాణం ప్రకారం సన్న ధూళి 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. అంత ధూళి ఉన్న రోజున గంటంతా పీల్చినా టేపు మీద చేరేది గ్రాములో పదిలక్షల వంతులు అరవై! ఇంత స్వల్పాన్ని తూచే యుక్తి నాకు అబ్బురమనిపిస్తుంది.

ఇక తేమ. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు రేణువు నీరు పీల్చి బిందువైపోతుంది. అలాగే తూస్తే నీళ్లూ కాలుష్యం ఖాతాలో పడతాయి. అందుకని గాలి వచ్చే గొట్టానికి హీటర్ చుట్టారు. కానీ వేడి మితిమీరితే అమ్మోనియం నైట్రేట్ ఆవిరైపోతుంది. వాహనాల పొగ నుంచి పుట్టే ధూళిలో అదీ ఒకటి. కాబట్టి హీటర్ తేమను గమనిస్తూ, అవసరమైనంత మేరకే వెచ్చబెడుతుంది.

బరువు తేలినా, ఆ ధూళి ఎవరిదో తేలదు. ఆ పని ఒక్క సంస్థ వల్ల కాదు. ధూళి ఎక్కడి నుంచి వస్తుందో వెతికి, 2011లో నివేదిక వెలువరించిన ఆరు నగరాల అధ్యయనంలో చెన్నై భాగం ఐఐటీ మద్రాసు చూసింది. వాహనాల పొగలో ఏ పదార్థం ఎంతో పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ, మిగతా వనరుల సంగతి ఐఐటీ బొంబాయి తేల్చాయి. పుదుచ్చేరి ఆ జాబితాలో లేదు, పద్ధతి మాత్రం ఇక్కడికీ పనికొస్తుంది. లోహాల కోసం టెఫ్లాన్ వడపోత కాగితం, కార్బన్ కోసం వేడికి తట్టుకునే క్వార్ట్జ్ కాగితం పక్కపక్కనే పెడతారు. సోడియం, క్లోరిన్ సముద్రాన్ని సూచిస్తాయి. రాగి, బేరియం బ్రేకులవైపు చూపిస్తాయి, జింక్ టైర్లవైపు.

ఎలక్ట్రిక్ బండికి పొగగొట్టం లేదు. వేగం తగ్గించేటప్పుడు మోటారే జనరేటరుగా మారి బ్రేకు అరుగుదలనూ తగ్గిస్తుంది. టైర్ల అరుగుదల తప్పదు. కాబట్టి ఇక్కడ మార్పును మొత్తం బరువులో కాదు, క్వార్ట్జ్ కాగితం మీద పడే, పొగ నుంచి వచ్చే నల్లటి కార్బన్‌లో వెతకాలి.