వేరు – వెలుతురు – రసాయనము: డార్విన్ గ్రంథ పరిశీలనము

చార్లెస్ డార్విన్ తన కుమారుడు ఫ్రాన్సిస్ సహాయముతో 1880లో ప్రకటించిన మొక్కల చలనశక్తిని గూర్చిన ఆంగ్ల గ్రంథము వృక్షశాస్త్రమునకు క్రొత్త త్రోవ చూపినది. వేరు కొన భూమ్యాకర్షణమును, వెలుతురును గుర్తించి, పైభాగము వంగునట్లు చేయుచున్నదని అందలి ప్రతిపాదన.

తెల్ల ఆవాల మొలకల వేళ్లు వెలుతురునకు పెడమొగమై వంగును. వాని కొనలను సిల్వర్ నైట్రేటుతో కాల్చినపుడు ఆ వంపు కానరాలేదు. కావున వెలుతురును గుర్తించునది కొనయే యని డార్విన్ నిర్ణయించెను.

ఇచట ఒక శంక కలుగక మానదు. సిల్వర్ నైట్రేటు వెలుతురును ఆపు తెర కాదు. కణములను చంపు విషము. వేరు వంగకుండుట వెలుతురు తెలియకనా, గాయపడుటచేతనా? గడ్డిమొలకల కొనలకు చిన్న టోపీలు తొడిగి వెలుతురును మాత్రమే అడ్డగించిన డార్విన్, వేరు విషయమున అట్టి నేర్పును చూపలేదు. ఇది ఊహలోని లోపము కాదు, సాధనములోని లోపము.

భూమ్యాకర్షణమును గుర్తించునది వేరు కొనయే యను మాట తరువాత స్థిరపడినది. వెలుతురు సంగతి అంత సులభముగా తేలలేదు. నీలికాంతిని గ్రహించు మాంసకృత్తులు కొనకే పరిమితములు కావు.

రసాయనముల కథయు ఇట్టిదే. ఓట్ మొలకల కొనలనుండి అగరు ముక్కలలోనికి దిగిన వృద్ధిపదార్థమును 1928లో ఫ్రిట్స్ వెంట్ కొలిచెను. దానికే పిదప ఆక్సిన్ అను పేరు కలిగినది. ఆక్సిన్లలో ముఖ్యమైన ఇండోల్ అసిటిక్ ఆమ్లము కాండమును పెంచు మోతాదులోనే వేరు పొడవును అణచును. అయినను కొమ్మముక్కలకు క్రొత్త వేళ్లు పుట్టించునదియు అదియే. వేళ్లను పుట్టించుట యొకటి, పొడిగించుట మరియొకటి.

డార్విన్ ప్రయోగములోని చిక్కు నేటికిని మరొక రూపమున కలదు. ప్రయోగశాలలలో మొలకలను పారదర్శక పాత్రలలో పెంచుట పరిపాటి. మట్టిచీకటిలో ఉండవలసిన వేరు అచట వెలుతురు పాలగును. ఆ వెలుతురే పాత్రలోని ఇండోల్ అసిటిక్ ఆమ్లమును క్రమముగా చెరచును. అట్టిచో కొలిచినది రసాయన ప్రభావమో, వెలుతురు ప్రభావమో, రెంటి కలయికయో చెప్పుట యెట్లు? ఆకులకు వెలుతురు, వేళ్లకు చీకటి కల్పించి, వేళ్లకు వెలుతురు సోకిన మొలకలతో సరిపోల్చినగాని ఫలితము నమ్మదగినది కాదు. పుస్తకములోని మోతాదును నమ్మి అంట్లు నాటు తోటమాలికి ఈ భేదము స్వల్పము కాదు.

డార్విన్ అడిగిన ప్రశ్న గొప్పది; ఆ ప్రశ్నకు తగిన పరీక్ష దొరకుటకు కాలము పట్టినది. ఆ గ్రంథమును నేడు చదువువారు అందలి నిర్ణయములకంటె ఆ ప్రశ్ననే ఎక్కువగా గౌరవింపవలెను.