కూలిందేది, కొట్టుకుపోయిందేది?

వరద వార్త ఏదైనా తీయండి. వాన 'బీభత్సం సృష్టించి' ఉంటుంది. ఊరు 'అతలాకుతలం' అయి ఉంటుంది. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడూ ఇవే మాటలు, 2019 సెప్టెంబరులో నంద్యాల, మహానంది చుట్టుపక్కల ఊళ్లు నీళ్లలో ఉన్నప్పుడూ ఇవే. వార్తలనే అనడం దేనికి, మన కథల్లో వరదొచ్చినా ఇదే తంతు.

జంటగా తిరిగే మాటలు ప్రతి భాషలోనూ ఉంటాయి. ఇంగ్లిష్‌లో వాటిని కొలొకేషన్స్ అంటారు. 'హావక్' పక్కన 'రీక్' అనే క్రియ అలా కుదిరిందే. హావక్ ఒకప్పుడు సైనికులను దోపిడీకి వదిలే కేక. రీక్ అంటే పగ తీర్చుకోవడం. ఆ జంటలో యుద్ధం వాసన ఇంకా ఉంది. దాని చోట మనం వాడే 'బీభత్సం' నవరసాల్లో ఒకటి, దాని స్థాయీభావం జుగుప్స. ఇంట్లో మోకాటి లోతు బురదలో నిలబడ్డ మనిషికి కలిగేది జుగుప్సేనా? పైగా నాశనానికి 'సృష్టించడం' ఏమిటి?

నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ దాకా జనం మాట్లాడుకునే తెలుగులో ఈ గందరగోళం లేదు. మిద్దె కూలుతుంది. గోడ ఒరుగుతుంది. చెరువుకట్ట తెగుతుంది. బావి పూడుతుంది. రోడ్డు కోసుకపోతుంది. వరి పడిపోతుంది. చేలో ఇసుక మేట వేస్తుంది. ఏది ఎలా పోయిందో క్రియే చెప్పేస్తుంది, మళ్లీ దక్కుతుందో లేదో కూడా. ఒరిగిన గోడకు దన్ను పెట్టొచ్చు, పూడిన బావిని తవ్వుకోవచ్చు. కొట్టుకుపోయిన పైమట్టి మాత్రం తిరిగి రాదు. ఆళ్లగడ్డ శిల్పుల ఊరు కదా, విగ్రహానికీ ఓ మాట ఉంది. వేలి కొస విరిగినా అది 'భిన్నమైంది' అంటారు. రాయి దాదాపు అంతా అలాగే ఉంటుంది, పూజకు మాత్రం పనికిరాదు. 'ధ్వంసమైంది' అంటే ఈ సంగతి తెలీదు.

ఇది భాషాభిమానుల చాదస్తం కాదు. వరద సాయం లెక్కల్లో పూర్తిగా దెబ్బతిన్న ఇల్లు వేరు, పాక్షికంగా దెబ్బతిన్నది వేరు. మాటను బట్టి డబ్బు మారుతుంది. ఒరిగిన గోడనూ 'నేలమట్టం' అనేస్తే, నిజంగా నేలమట్టమైన ఇంటికి మాట మిగలదు.

పెద్ద మాటలు అసలు వద్దని కాదు. హెలికాప్టర్లోంచి చూసేవాడికి ఊరు అతలాకుతలంగానే కనిపిస్తుంది. గడపలో నిలబడ్డామెకు కనిపించేది తడిసిన బియ్యం బస్తా, ఒరిగిన వంటింటి గోడ. మన కథలు ఎక్కువగా హెలికాప్టర్లోంచే చూస్తున్నాయని నా ఫిర్యాదు. ఈసారి వరద గురించి రాసేటప్పుడు ముందు ఏం పోయిందో చూడండి. దాని క్రియ దాని దగ్గరే ఉంటుంది.