మంట పక్కన చిన్న రెక్క

ఫాల్కన్-9 మొదటి దశ పైకొసన, ఒక వారగా, కిందికి చూస్తూ ఒక కెమెరా ఉంటుంది. దాని కంటికి ఆనేవి ఎప్పుడూ అవే: మసిబారిన తెల్లటి గొట్టం, దాన్ని అంటిపెట్టుకుని ముడుచుకున్న ఒక రెక్క, అడుగున భూమి. స్పేస్‌ఎక్స్ ప్రత్యక్ష ప్రసారాల్లో ఈ దృశ్యాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మొదట్లో నా కళ్లూ మంట మీదే ఉండేవి. ఇప్పుడు రెక్కను చూస్తాను. పనితనం దాచుకోకుండా బయటపడేది అక్కడే.

ఎగిరిన రెండున్నర నిమిషాలకు రెండో దశ విడిపోయి తన దారిన పోతుంది. మొదటి దశ అప్పటికి 60, 70 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఇంజన్లు ఆగినా వేగం ఉడగదు, ఇంకా పైకే పోతుంటుంది. అప్పుడు పక్కనుంచి తెల్లగా చిన్న పొగముద్ద ఒకటి వచ్చి చెదిరిపోతుంది. అది చల్లని నైట్రోజన్ వాయువు. ఆ కాస్త ఊదుడుకే పద్నాలుగంతస్తుల మేడంత గొట్టం మెల్లగా వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది. కెమెరా దానికే బిగించి ఉంది కాబట్టి తిరుగుతున్నది భూమే అనిపిస్తుంది. కావలసిన చోటికి రాగానే ఎదురు పక్కనుంచి ఇంకో ఊదు. అంతే, భూమి ఆగిపోతుంది. ఆ ఆగడం చూడండి. అటూ ఇటూ ఊగిసలాట ఉండదు.

తర్వాత రెక్కలు విచ్చుకుంటాయి. మొత్తం నాలుగు. వీటిని గ్రిడ్ ఫిన్లు అంటారు, చూపుకి కిటికీకి బిగించే ఇనుప జాలీలా ఉంటాయి. గాలి ఆ గళ్లలోంచి దూసుకుపోతుంటే రెక్క కాస్త మెలితిరిగి రాకెట్ దారిని మారుస్తుంది. గోదావరి మీద చుక్కాని పట్టిన మనిషి చెయ్యి గమనించినవాళ్లకి ఇది కొత్తగా ఉండదు. కొత్తవాడు పెద్దగా తిప్పి, తప్పు తెలిసి మళ్లీ అంతే పెద్దగా అటు తిప్పుతాడు. అనుభవం ఉన్నవాడి మణికట్టు కదిలీ కదలనట్టుంటుంది. గాలి చిక్కబడేకొద్దీ ఈ రెక్క కూడా ఆ మణికట్టే. ఒకప్పుడు వీటిని అల్యూమినియంతో చేసేవారు. వేడికి కణకణలాడి అంచులు కాలిపోయేవి. 2017 జూన్‌లో మొదటిసారి టైటానియం రెక్కలు ఎగిరాయి. ఇప్పుడవి ఆ వేడిని తట్టుకుని, మళ్లీ మళ్లీ పనికొస్తున్నాయి.

చివరి అంకంలో వెలిగేది ఒక్క ఇంజనే. ట్యాంకులు దాదాపు ఖాళీ. ఆ ఒక్క ఇంజన్ని ఎంత తగ్గించినా దాని తోపుడు రాకెట్ బరువుకన్నా ఎక్కువే. అంటే గాలిలో కాసేపు నిలబడి, చూసుకుని, సర్దుకుని దిగే వీలు లేదు. ముందే ఆగితే మళ్లీ పైకి లేస్తుంది, ఆలస్యమైతే నేలకు గుద్దుకుంటుంది. వేగం సున్నా అయ్యే క్షణమూ ఎత్తు సున్నా అయ్యే క్షణమూ ఒకటే కావాలి. ఇది మొదటిసారి 2015 డిసెంబర్‌లో కేప్ కెనావెరల్ నేల మీద కుదిరింది, 2016 ఏప్రిల్‌లో సముద్రం మీది నౌకపైన.

అన్నీ కుదిరిన వీడియోల కన్నా నాకు ఎక్కువ నేర్పినది కుదరనిది. 2018 డిసెంబర్ 5న ఒక ఫాల్కన్-9 తిరిగి దిగుతుండగా రెక్కల్ని తిప్పే హైడ్రాలిక్ పంపు మొరాయించింది. కెమెరాలో భూమి, సముద్రం గిరగిరా తిరిగిపోతుంటాయి. ఇక అయిపోయింది అనుకుంటాం. ఇంజన్ వెలుగుతుంది. కాళ్లు విచ్చుకుంటాయి. గిరికీలు కొట్టే పిల్ల చేతులు బార్లా చాపినట్టు ఆ సుడి నెమ్మదిస్తుంది. తీరానికి కాస్త దూరంలో నీళ్ల మీద నిలువునా దిగి, ఆపైన పక్కకి ఒరిగింది. చివరిదాకా గురి సముద్రం వైపే ఉండాలనీ, అంతా సరిగ్గా ఉంటేనే నేల వైపు మళ్లాలనీ ముందే దానికి నేర్పిపెట్టారు. ఎవరి చేయీ లేని ఆ యంత్రం సగం అవిటిదై కూడా ఆ మాట తప్పలేదు.

రాకెట్ మీద కెమెరా పెట్టడం పాత విద్యే. సాటర్న్-5 దశలు విడిపోయే ప్రసిద్ధ దృశ్యాలు అపోలో-4, అపోలో-6 ప్రయోగాల్లో తీసినవి. ఫిల్ము ఉన్న కెమెరా పారాచూట్‌తో సముద్రంలో పడితే వెతికి తెచ్చుకున్నారు. 2017 ఫిబ్రవరి 15న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్ఎల్‌వీ-సి37 మీది కెమెరా, 104 ఉపగ్రహాలు విడివడిపోవడాన్ని చూపించింది. అయితే కాలిపోతున్న యంత్రం తన కాలిపోవడాన్ని అక్కడికక్కడే మనకు చూపించడం మాత్రం ఈమధ్యే సాధ్యమైంది.

2024 జూన్ 6న స్పేస్‌ఎక్స్ వారి భారీ నౌక స్టార్‌షిప్ నాలుగో ప్రయోగం. మామూలుగా వాతావరణంలోకి దిగే నౌకను ప్లాస్మా చుట్టుముట్టి రేడియో సంకేతాలను తెంపేస్తుంది. స్టార్‌షిప్ పెద్దది. వేడి తగలని వీపు వైపు సందు మిగులుతుంది, ఆ సందులోంచి సంకేతం పైనున్న స్టార్‌లింక్ ఉపగ్రహాలకు చేరుతుంది. అందుకే మనం చూడగలిగాం. గులాబీ, నారింజ రంగుల వెలుగులో ముందరి రెక్క (ఫ్లాప్) కీలు దగ్గర నిప్పు సన్నగా దూరింది. అక్కణ్ణుంచి లోహం రేకులు రేకులుగా రాలడం మొదలైంది. కరిగిన తునకలు వచ్చి కెమెరా అద్దాన్ని కప్పేశాయి, అద్దం చిట్లింది. ఆ పగుళ్ల సందుల్లోంచి, హిందూ మహాసముద్రం మీద, ఫ్లాప్ అస్థిపంజరంలా మిగిలి కనిపించింది. కనిపించడమే కాదు, కదిలింది. ఆదేశం వచ్చింది, మిగిలిన కాస్త రెక్కా దాన్ని పాటించింది. నౌక నిటారుగా లేచి, ఇంజన్లు వెలిగించి, నీళ్ల మీద మెత్తగా దిగింది. ఆ దృశ్యానికి కళ్లు చెమర్చాయని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. 2025 జనవరిలో ఎగిరిన కొత్త నౌకకు ముందరి ఫ్లాప్‌లు చిన్నవయ్యాయి, వేడికి ఎదురుపడకుండా వెనక్కి జరిగాయి. కాలిన కీలు చెప్పిన మాటను ఎవరో శ్రద్ధగా విన్నారు.

నేల మీది కెమెరాలు చూపేది వేరు. 2024 అక్టోబర్ 13న టెక్సస్ తీరాన బోకా చికాలో, ఎగిరిన ఏడు నిమిషాలకు, 71 మీటర్ల పొడవు, 9 మీటర్ల అడ్డుకొలత ఉన్న సూపర్ హెవీ బూస్టర్, అంటే స్టార్‌షిప్‌ను మోసుకెళ్లే కింది దశ, తిరిగి వచ్చింది. మొదట 13 ఇంజన్లు వెలిగాయి, తర్వాత మూడే మిగిలాయి. నేరుగా ప్రయోగ గోపురం మీదికి రాలేదు. పక్కగా దిగి, కొంచెం వాలి, ఏటవాలుగా జరుగుతూ ఆ గోపురానికున్న రెండు ఉక్కు చేతుల మధ్యలోకి వచ్చింది. చేతులు పట్టుకునేది రెక్కల్ని అనుకుంటారు చాలామంది. కాదు, వాటి కింద పొడుచుకొచ్చిన రెండు పొట్టి కడ్డీల్ని. అంత పెద్ద బరువూ ఆ రెండింటి మీదే ఆగింది.

సూళ్లూరుపేట వైపు నిలబడి శ్రీహరికోట ప్రయోగం చూసినవాళ్లకు తెలుసు, వెలుగు ముందొస్తుంది, హోరు చేరడానికి దాదాపు నిమిషం పడుతుంది. బోకా చికాకు ఎదురుగా, ఎనిమిది కిలోమీటర్ల అవతల సౌత్ పాడ్రే దీవిలో తీసిన వీడియోల్లోనూ అంతే. ఇంజన్లు ఆరిపోయి, బూస్టర్ చేతుల మీద కదలకుండా వేలాడుతుంటుంది. దాని హోరు ఇంకా నీళ్ల మీదుగా వస్తూనే ఉంటుంది.