ఇసుకలో బరువైన బండి

పారిస్–డకార్ ర్యాలీ మోటార్‌సైకిల్ విభాగాన్ని 1984, 1985లో వరుసగా గెలిచిన బెల్జియం రైడర్ గాస్టన్ రాయే పొట్టి మనిషి. తన బీఎండబ్ల్యూ ఎక్కితే రెండు కాళ్లూ ఒకేసారి నేలకు ఆనేవి కావు. పెద్ద ట్యాంకు నిండా పెట్రోలు పోస్తే ఆ బండి రెండు వందల కిలోల పైమాటే. దాన్ని సహారా దాటించాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మెత్తటి ఇసుక కనిపించగానే భయంతో చెయ్యి తనంతట తానే యాక్సిలరేటర్ తగ్గించేస్తుంది. తగ్గించామా, బరువంతా ముందుకు వాలి ముందు చక్రం కూరుకుపోతుంది. అందుకే ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, ఒళ్లు వెనక్కి వాల్చి, వేగం తగ్గనివ్వకుండా పోవాలి. కింద బండి మెలికలు తిరుగుతుంది. తిరగనివ్వాలి, హ్యాండిల్ బిగబట్టకూడదు. దిబ్బ ఎక్కేటప్పుడు మాత్రం వేరు: అవతల ఏముందో తెలియదు కనుక కొసకు చేరేసరికి వేగం తగ్గాలి, కానీ బండి ఆగకూడదు. పైగా పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ తూకం మారుతూనే ఉంటుంది. ఇంత పనిలోనూ ఒక కన్ను దారి వివరాలుండే రోడ్‌బుక్ మీదే.

ఇప్పటి డకార్ బైకులు 450 సీసీ దాటకూడదు. 2024లో కేరళ రైడర్ హరిత్ నోవా ర్యాలీ-2 విభాగం గెలిచింది అలాంటి బండి మీదే. అదీ గొప్ప విద్యే. అయినా నా మనసు పెద్ద బండి వాళ్ల వైపే మొగ్గుతుంది: పడిపోతే దాన్ని ఎండలో ఒంటరిగా లేపి, మళ్లీ ఎక్కి పోవాలి మరి.