మూడో బెజ్జంలో దాగిన స్వరాలు

సి శ్రుతి మౌత్ ఆర్గాన్ ఒకటి తీసుకుని మొదటి మూడు బెజ్జాలూ పలికించి చూడండి. ఊదితే స, గ, ప. పీలిస్తే రి, ప, ని. మధ్యమం లేదు, ధైవతం లేదు. తయారుచేసినవాళ్లు మరిచిపోయి వదిలేసినవి కావవి. ఎడమవైపు బెజ్జాలను వాళ్లు పాటకోసం పెట్టలేదు, పాటకు తోడుగా మోగే కార్డులకోసం పెట్టారు. జర్మనీలోని ట్రోసింగెన్‌లో మథియాస్ హోనర్ 1857లో మొదలుపెట్టిన కార్ఖానా నుంచి ఈ వాద్యాలు ఓడలెక్కి అమెరికా చేరాయి. అక్కడి దక్షిణాది నల్లజాతి వాద్యకారులు ఆ లేని స్వరాలను నాలుకతో, గొంతుతో, ఊపిరితో లాగి బయటికి తెచ్చారు. దాన్నే బెండింగ్ అంటారు. స్వరాన్ని వంచడం.

మన పరిభాషలో చెప్పాలంటే వాళ్లు మొదట చేసింది గ్రహభేదం. ఊదితే వచ్చే షడ్జాన్ని పక్కనపెట్టి, రెండో బెజ్జంలో పీలిస్తే వచ్చే పంచమాన్నే షడ్జం చేసుకున్నారు. అప్పుడు మూడో బెజ్జంలో పీల్చే స్వరం అంతర గాంధారమవుతుంది. దాన్ని కాస్త వంచితే సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో నిలుస్తుంది. పియానో మీద ఆ చోటికి మెట్టు లేదు. బ్లూస్ ఏడ్చేదీ, వేడుకునేదీ ఆ చోటునుంచే. లిటిల్ వాల్టర్ 1952లో షికాగోలో రికార్డు చేసిన ‘జూక్’ మాటల్లేని మౌత్ ఆర్గాన్ బాణీ. అది అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. పిల్లల ఆటవస్తువుగా చూసినదాన్ని ఆ ప్రజలు ఎక్కడికి తీసుకెళ్లారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇలాంటి ఇత్తడి రీడే మన హార్మోనియంలోనూ ఉంది. పౌరాణిక నాటకంలో పద్యానికి అది పక్కన లేకపోతే రక్తి కట్టదు. అయినా దానికి గమకం రాదు. మెట్టు నొక్కితే దాని రీడు మోగుతుంది, అంతే. వాయించేవారి నోరు దాన్ని అందుకోలేదు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని బహిష్కరించి మూడు దశాబ్దాలు గడప తొక్కనివ్వకపోవడానికి చూపిన కారణాల్లో ఇదొకటి. మౌత్ ఆర్గాన్‌లో అలా కాదు. ఒక్కో బెజ్జం వెనుక ఒక అర, ఆ అరకు రెండు రీడ్లు. పై ప్లేటుకు లోపలివైపు ఊదే రీడు, కింది ప్లేటుకు బయటివైపు పీల్చే రీడు. రెంటి మీదా ఒకే ఊపిరి ఆడుతుంది.

పీల్చినప్పుడు గాలి బయటినుంచి నోట్లోకి వస్తుంది. పీల్చే రీడు తన గాడిలోకి మూసుకుంటూ మోగుతుంది. ఊదే రీడు గాడినుంచి పక్కకు తెరుచుకోవాలని చూస్తుంది గాని, మామూలుగా పలకదు. నాలుకను వెనక్కి లాగి నోటి లోపలి చోటు మార్చినప్పుడు మొదటి రీడు శ్రుతి దిగుతుంది, రెండోది కదలడం మొదలవుతుంది. వంపు లోతుకు పోయేకొద్దీ పాట రెండోదాని చేతికి వెళ్తుంది. హెన్రీ బాన్సన్ అనే గుండె శస్త్రవైద్యుడు మరో ఇద్దరితో కలిసి రీడ్ల కదలికను స్ట్రోబోస్కోపు వెలుగులో పరిశీలించి 1998లో ప్రచురించిన వ్యాసం ఈ సంగతిని తేల్చింది. గ్రహభేదం పక్కనపెట్టి మళ్లీ మొదటి షడ్జం లెక్కన చూస్తే, మూడో బెజ్జంలో పీలిస్తే ని, ఊదితే ప. అందుకే అక్కడ వంపు కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం వరుసగా దిగి, పంచమానికి అరమెట్టు ఎగువన ఆగుతుంది. ఐదో బెజ్జంలో రెండు రీడ్ల మధ్య దూరమే అరమెట్టు. అక్కడ దిగడానికి చోటు లేదు.

పాట ఇలా ఒక రీడునుంచి మరో రీడుకు చేతులు మారడం సాఫీగా జరగాలంటే రీడు కొసకూ ప్లేటుకూ మధ్యనున్న సందు సరిగ్గా ఉండాలి. సందు ఎక్కువైతే గాలి వృథాగా పోతుంది, రీడు ఆలస్యంగా మేలుకుంటుంది. తక్కువైతే గట్టిగా పీల్చగానే గాడి మూసుకుపోయి స్వరం మూగబోతుంది. సందు సుమారుగా రీడు కొస మందమంత ఉండాలన్నది మొదటి లెక్క. మంద్రంలోని పొడవాటి రీడ్లకు కాస్త ఎక్కువ, పైస్థాయి పొట్టి రీడ్లకు తక్కువ. అక్కణ్నుంచి ఎవరి ఊపిరిని బట్టి వారు సవరించుకోవాలి. బలంగా వాయించేవారికి సరిపోయిన సందు మెత్తగా వాయించేవారికి బరువవుతుంది. కొట్లో కొన్న వాద్యం ఎవరి ఊపిరికీ ప్రత్యేకించి అమర్చింది కాదు గనక, ఈ పనిని మరమ్మతు అనడం నాకు ఇష్టం లేదు. వీణ మెట్లకు మైనం అమర్చుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. చిన్న స్క్రూడ్రైవరు, టూత్‌పిక్, పలచటి ఇత్తడి రేకు ముక్క. కింది కవరు తీయగానే పీల్చే రీడ్లు కంటికి ఎదురుగా ఉంటాయి. ఊదే రీడ్లు ప్లేటుకు అవతల, అర లోపల ఉంటాయి. వాటికోసం ప్లేటు విప్పాలి. చాలామంది ఆ శ్రమకు వెనుదీసి పీల్చే రీడును మాత్రమే సవరించి, వంపు ఇంకా రావడం లేదంటారు. లోతైన వంపులో పాడేది రెండో రీడైనప్పుడు దాన్ని ముట్టుకోకుండా ఎలా వస్తుంది?

సందు తగ్గించాలంటే రీడును మెల్లగా గాడిలోకి అదమాలి. ఇత్తడి తిరిగి లేస్తుంది గనక కావలసినదానికంటే కొంచెం ఎక్కువ అదిమి వదలాలి. పెంచాలంటే రేకు ముక్కను కిందికి దూర్చి పైకెత్తాలి. కొసనొక్కదాన్నే వంచకూడదు. రివెట్ దగ్గర గాడిని ఆనుకున్నట్టుండి, కొస వైపు సన్నగా లేచిన వంపు రావాలి. మొదట్లో నేను తొందరపడి ఒక రీడును నడుమ నొక్కాను. సన్నటి మడత పడింది. అది ఎంత సరిచేసినా బొంగురు పోలేదు, కొన్ని రోజులకు అక్కడే విరిగింది. అప్పటినుంచి ఒక్కసారి అదిమి, వెలుగుకెత్తి పక్కనుంచి చూసి, మళ్లీ అదుముతాను.

గాడి అంచులను నున్నటి లోహంతో రుద్ది రీడుకు దగ్గర చేసే ఎంబాసింగ్ మరో మెట్టు. అది చేయి కుదిరాక చేయాల్సిన పని. సందు మారితే శ్రుతీ కొద్దిగా కదులుతుంది కాబట్టి చివర్లో ట్యూనర్ పెట్టుకుని చూసుకోవాలి. కొసన గీకితే శ్రుతి ఎక్కుతుంది, రివెట్ వైపు గీకితే దిగుతుంది.

కవరు బిగించాక నేను మొదట పట్టేది మూడో బెజ్జాన్నే. నిద్రపోతున్న పిల్లవాడి శ్వాసంత మెల్లగా పీలుస్తాను. నిషాదం జాప్యం లేకుండా పలకాలి. తర్వాత బలంగా పీలుస్తాను. మూగబోకూడదు. ఆపైన నాలుకను వెనక్కి జరుపుతూ కైశికి మీద ఆగి, చతుశ్రుతి మీద ఆగి, శుద్ధ ధైవతం దగ్గర కాసేపు నిలిచి, అదే ఊపిరిలో తిరిగి ఎక్కుతాను. ఎక్కడ తడబడినా కవరు మళ్లీ విప్పుతాను. ముందు చూసేది ఊదే రీడునే.