ఎనిమిది మందికి ఒక టీచరు

మా బడికి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం భోజనం గురించే. బిడ్డ పుట్టినరోజో, పెళ్లిరోజో, అమ్మ సంవత్సరీకమో చెప్పి, "ఫలానా తారీఖున పిల్లలకు అన్నం పెడదామనుకుంటున్నం మేడమ్" అంటారు. మడికొండ నుంచి చేస్తారు, కాజీపేట నుంచి చేస్తారు, ఓరుగల్లులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డవాళ్లు అక్కడి నుంచి చేస్తారు. వాళ్లందరికీ దండం పెడతాను. వాళ్లు తెచ్చిన జిలేబీ కోసం మా పిల్లలు గేటు దగ్గర నిలబడి ఎదురుచూస్తారు, ఆ సంతోషం చిన్నదేమీ కాదు.

అయితే నెలాఖరుకు నాకు నిద్ర పట్టనివ్వనిది బియ్యం బస్తా కాదు, జీతాల రిజిస్టరు. వీల్‌చైర్ ఇస్తామని వస్తారు, ఫ్యాన్లు బిగిస్తామంటారు, గోడలకు రంగులు వేయిస్తారు. "మీ టీచరమ్మకు ఈ ఏడాది జీతంలో ఇంత నేను భరిస్తా" అని తనంతట తాను అనే మనిషి చాలా అరుదు. వికలాంగ పిల్లల బడి నడపడంలో అసలు ఖర్చు మనుషులదేనని, ఆ మనుషులు ఏళ్ల తరబడి నిలబడితేనే పిల్లలకు చదువని ఈ వారం కొంచెం వివరంగా చెప్పాలనిపించింది.

ఒక పిల్లవాడికి లాగు వేసుకోవడం నేర్పడమే తీసుకుందాం. తొమ్మిదేళ్లవాడు, డౌన్ సిండ్రోమ్. ఇంట్లో ఇన్నాళ్లూ అమ్మే తొడిగింది. లాగు పట్టుకో, ముందువైపు ఏదో చూసుకో, కుడికాలు పెట్టు అని మొదటి నుంచి మొదలుపెడితే వాడు మొదట్లోనే ఓడిపోతాడు. నాలుగు రోజులు ఓడిపోయిన పిల్లవాడు ఐదోరోజు లాగు కనిపిస్తేనే మొహం తిప్పుకుంటాడు. అందుకే మా టీచర్లు ఈ పనిని చివరి నుంచి నేర్పుతారు. ముందు బొత్తాలు లేని, ఎలాస్టిక్ ఉన్న, ఒక సైజు పెద్ద లాగు తీసుకుంటారు. ఈ పిల్లల కండరాలలో బిగువు తక్కువ కాబట్టి ఒంటికాలి మీద నిలబెట్టరు, పొట్టి పీట మీద కూర్చోబెడతారు. రెండు కాళ్లూ టీచరే దూర్చి, వాణ్ణి లేపి నిలబెట్టి, లాగును తుంటి దాకా లాగి అక్కడ ఆపుతుంది. వాడి బొటనవేళ్లు రెండూ పట్టీ లోపలికి పెట్టి, వాటి మీద తన చేతులు వేస్తుంది. ఇద్దరూ కలిసి నడుము దాకా లాగుతారు. "ఏసుకున్నవ్ రా!" అని గది గదంతా చప్పట్లు. పని పూర్తయింది, పూర్తి చేసినవాడు వాడే.

కొన్నాళ్లకు టీచరు తన చేతులు తీసేసి వేలితో చూపిస్తుంది. తర్వాత మాటతో చెబుతుంది. ఆ తర్వాత మాట కూడా అక్కర్లేదు. అప్పుడు లాగును తుంటి దగ్గర కాకుండా మోకాళ్ల దగ్గర ఆపుతుంది. అదీ వచ్చాక చీలమండల దగ్గర. ఒక్కో మెట్టుకు వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. ఈ రోజు చెయ్యి పట్టిస్తే చేశాడా, చూపిస్తే చేశాడా, చెబితే చేశాడా, తనే చేశాడా అన్నది రోజూ రాసిపెట్టుకోవాలి. రాసింది చూడకుండా మర్నాడు పాఠం మొదలుపెట్టలేం.

ఈ విద్య మాకెవరికీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. మద్రాసులో జయచంద్రన్, విమల 1970లలో తయారుచేసిన మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్‌లో 18 విభాగాలు, ఒక్కోదానిలో 20 చొప్పున 360 అంశాలు ఉంటాయి. తినడం, స్నానం, నడక, మాట, అంకెలు, ఇంటిపని అన్నీ చిన్న మెట్లుగా విడగొట్టి ఉంటాయి. పిల్లవాడికి ఏం రాదు అని కాకుండా ఏం వచ్చు అని రాసుకుంటూ పోయే పట్టిక అది. సికింద్రాబాద్ బోయినపల్లిలో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో వచ్చిన జాతీయ సంస్థ మన పిల్లలకు సరిపోయే మరికొన్ని పట్టికలు తయారుచేసింది. హైదరాబాద్‌లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ అంతకన్నా ముందే, 1968లో మొదలైంది. ఇంకా వెనక్కి వెళ్తే, పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో ఎడ్వార్డ్ సెగ్విన్ ఇలాంటి పిల్లలకు చేతులతో, ఆటవస్తువులతో చదువు చెప్పాడు. మరియా మాంటిస్సోరి తన పద్ధతికి ఆయన పుస్తకాల నుంచే ఎంతో తీసుకుంది. ఇవాళ మన వీధుల్లో ప్రైవేటు స్కూళ్ల బోర్డుల మీద కనిపించే మాంటిస్సోరి పేరు వెనుక, చదువు రాదని జనం వదిలేసిన పిల్లల చదువు ఉంది. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

పట్టిక ఎంత మంచిదైనా దాన్ని పట్టుకుని పీట పక్కన కూర్చునే మనిషి కావాలి. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ఎనిమిది మందికి ఒక టీచరు ఉండాలన్నది మా రంగంలో అందరూ పాటించాలనుకునే లెక్క. ఆ టీచరు స్పెషల్ డీఎడ్డో, బీఎడ్డో చదివి, రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుని ఉండాలి. అంత చదువు చదివిన అమ్మాయికి ధర్మబడి ఇచ్చే డబ్బు గౌరవ వేతనం అనే పేరుతో ఉంటుంది, పేరుకు తగ్గ మొత్తం ఉండదు. రెండేళ్లు చేసి, పెళ్లయ్యో, మంచి ఉద్యోగం దొరికో వెళ్లిపోతుంది. వెళ్లినవాళ్లను నేను ఒక్క మాట అనను. సేవ పేరు చెప్పి చదువుకున్న మనిషిని సగం జీతానికి కట్టిపడేయడం ధర్మం కాదు.

టీచరు కన్నా ముందు చెప్పుకోవాల్సింది ఆయమ్మ గురించి. ఏ పిల్లకు ఎన్ని గంటలకు మూత్రం వస్తుందో, ఏ పిల్లవాడు ఫిట్స్ వచ్చే ముందు చెయ్యి ఎలా నలుపుకుంటాడో, ఎవరికి అన్నం మెత్తగా పిసికి పెట్టాలో, ఎవరిని నిటారుగా కూర్చోబెట్టకుండా తినిపిస్తే పొలమారుతుందో ఆమెకు తెలుసు. మాట రాని ఒక పిల్లవాడికి ఒక ఆయమ్మ దొడ్డికి వెళ్లడం అలవాటు చేసింది. గంట గంటకూ తీసుకెళ్లి, తడిసిందా పొడిగా ఉందా అని గోడమీద కాగితంలో గీతలు పెట్టించి, వాడికి ఏ వేళల్లో వస్తుందో పట్టుకుంది. చివరికి వాడే వచ్చి ఆమె కొంగు లాగి చెప్పే దాకా తీసుకొచ్చింది. ఆ కొంగు లాగడమే వాడికి మొదటి మాట. ఆ తర్వాత ఆమెకు హౌస్‌కీపింగ్ పని దొరికింది, జీతం ఎక్కువ, ఇంట్లో కూతురి పెళ్లి అప్పు. వెళ్లిపోయింది. కొత్తామె మంచిదే, కానీ కొంగు లాగితే అర్థమేమిటో ఆమెకు తెలియదు. వారం తిరగకముందే వాడు మళ్లీ లాగు తడుపుకోవడం మొదలుపెట్టాడు. నెలకు రెండు మూడు వేల తేడాతో ఒక పిల్లవాడి ఏడాది చదువు పోయింది.

ఇక్కడ మరో మాట కూడా చెప్పాలి. అందరినీ మా బడికే పంపమని నేను అనను. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నలభై శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పక్కనున్న బడిలో గానీ, కోరుకుంటే ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదివే హక్కు ఇచ్చింది. సర్కారు బళ్లకు అనుబంధంగా ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. చక్రాల కుర్చీలో కూర్చుని చక్కగా లెక్కలు చేసే పిల్ల మా దగ్గరికి వస్తే, తల్లిదండ్రులను వెంటబెట్టుకుని మామూలు బడికి వెళ్లి హెడ్మాస్టరుతో మాట్లాడటం నా పని. ఆ పిల్లకు కావాల్సింది ర్యాంపు, సరైన మరుగుదొడ్డి, పక్కన కూర్చునే స్నేహితురాలు. మామూలు బళ్లలో కూడా ప్రైమరీలో పది మంది ఇలాంటి పిల్లలకు ఒక స్పెషల్ టీచరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అక్కడా ప్రశ్న మనిషి గురించే.

పారా అథ్లెట్ దీప్తి జీవాంజి పతకం తెచ్చిన రోజు మా బడిలో టీవీ ముందు పిల్లలంతా గోల గోల చేశారు. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి, మన ఉమ్మడి జిల్లా బిడ్డ. 2024 మేలో కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం తెచ్చింది, సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. చిన్నప్పుడు ఊళ్లో ఆ పిల్లను, ఆమెను కన్నందుకు తల్లిదండ్రులను ఎన్ని మాటలన్నారో ఆ తల్లిదండ్రులే తర్వాత చెప్పారు. ఆ వారమంతా మా దగ్గరికి వచ్చినవాళ్లు "మీ పిల్లల్లో దీప్తి ఎవరు?" అని అడిగారు. మంచి మనసుతోనే అడిగారు. మా పిల్లల్లో చాలామంది పరిగెత్తలేరు, కొందరు నడవలేరు. నేను వాళ్లకు చూపించాలనుకున్నది కోచ్ నాగపురి రమేశ్‌ను. ఆ అమ్మాయి కాళ్లలోని వేగాన్ని గుర్తుపట్టి, హైదరాబాద్ తీసుకెళ్లి, ఏళ్లపాటు వెంట నిలబడ్డ మనిషి. పతకం రాని పిల్లలకు కూడా అలా ఒక మనిషి ఉండాలి.

మా పెద్ద పిల్లల్లో ఒకమ్మాయి వారానికోసారి ఆయమ్మతో కలిసి కిరాణా కొట్టుకు వెళ్తుంది. చేతిలో నోటు, మరో చేతిలో ఉప్పు ప్యాకెట్టు బొమ్మ అంటించిన అట్టముక్క. మాట సరిగా రాదు కాబట్టి అట్ట చూపిస్తుంది. మొదట్లో కొట్టాయన ఆయమ్మనే అడిగేవాడు, "ఏం కావాల్నట?" అని. ఇప్పుడు పిల్లనే అడుగుతాడు. ఆమె అట్ట చూపించే దాకా ఆగుతాడు, వెనక క్యూలో ఉన్నవాళ్లు గొణిగినా ఆగుతాడు, చిల్లర ఆమె చేతిలోనే పెడతాడు. మా బడికి ఆయన ఇచ్చే విరాళం అదే, ఇంతకు మించింది నేను అడగలేదు.

ఇంక తల్లుల భయం. వాళ్లకు పెద్ద భయం పద్దెనిమిదో ఏడు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తెచ్చుకుని, నెలకు 4,016 రూపాయల పింఛను మంజూరు చేయించుకుని, మందులు నడిపిస్తూ వచ్చిన తల్లి, బిడ్డ మేజరు కాగానే బ్యాంకు కాగితం దగ్గర ఆగిపోతుంది. సంతకం చేయలేని బిడ్డ తరఫున ఎవరు సంతకం చేయాలి? ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారి కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ తల్లినో తండ్రినో గార్డియన్‌గా నియమిస్తుంది. అదే ట్రస్టు నడిపే నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు వస్తాయి. ఈ రెండు సంగతులూ తెలియని తల్లులు మన చుట్టూ ఎంతోమంది ఉన్నారు. హనుమకొండ కలెక్టరేటుకు వాళ్లతో వెళ్లి కూర్చోవడం కూడా బడి పనే. అప్లికేషన్లు నింపేందుకు ఒక రిటైర్డు గుమాస్తా నెలకు ఒక పూట ఇచ్చినా మాకు ఎంతో మేలు.

మొన్న ఒక తల్లి వచ్చింది. మడికొండ టెక్స్‌టైల్ పార్కులో మగ్గాల దగ్గర పని, భర్తతో సూరత్ నుంచి తిరిగొచ్చిన కుటుంబం. "వచ్చే యేడు పిలగానికి పద్దెన్మిదేండ్లు నిండుతయ్ మేడమ్. ఆడికి బడి అయిపాయె గదా, ఇంట్ల కూసోబెడితే మల్ల ఎన్కటి లెక్కనే అయితడు" అంది. వాడికి అంకెలు రావు. కానీ మా దగ్గర విస్తరాకులు పాతిక చొప్పున కట్టలు కడతాడు: ఒక చెక్కమీద పాతిక మేకులు, ఒక విస్తరి పెట్టగానే ఒక మేకుకు ఒక రింగు తొడుగుతాడు, మేకులు నిండగానే కట్ట కడతాడు. ఒక్కటి తక్కువ ఉండదు, ఒక్కటి ఎక్కువ ఉండదు.

పద్దెనిమిది దాటినవాళ్ల కోసం జూన్ నుంచి ఒక గది వేరుగా తెరుస్తున్నాం. విస్తరాకుల మిషను ఇచ్చే దాత దొరికారు, కరెంటు మీటరుకు ఇంకొకరు ముందుకొచ్చారు. వేడి అచ్చు దగ్గర నిలబడి, ఏ పని ఎవరికి విడగొట్టి ఇవ్వాలో తెలిసిన ఇన్‌స్ట్రక్టరు కావాలి, ఏడాదికి పన్నెండు జీతాలు కావాలి. ఆ తల్లితో మాత్రం పిల్లవాణ్ణి పంపమనే చెప్పాను. ఆటో అతనికి కూడా చెప్పాను, జూన్‌లో వాడి సీటు తీసేయొద్దని.